మీ లాయరు ఎదుటి లాయరుతో టీ తాగితే అమ్ముడుపోయినట్టేనా?

(తెరపై: కోర్టు క్యాంటీన్ బల్ల. పక్కపక్కన ఇద్దరు నల్లకోటు వాళ్లు, రెండు టీ గ్లాసులు.)

నమస్కారం. ఏ సివిల్ కోర్టు వరండాలోనైనా కాసేపు నిలబడితే ఒక మాట తప్పక చెవిన పడుతుంది: "మా లాయరు అవతలివాళ్లతో కలిసిపోయాడండీ. క్యాంటీన్‌లో ఇద్దరూ కూర్చుని టీ తాగుతుంటే నా కళ్లతో నేను చూశాను." ఇలా అన్న కక్షిదారు నాలుగు రోజులు తిరగకుండానే కేసు కట్ట వెనక్కి ఇమ్మంటాడు, మరో లాయరును వెతుక్కుంటాడు, మళ్లీ మొదటి నుంచి ఫీజు కట్టుకుంటాడు. ఆ కొత్త లాయరు కూడా నెల తిరిగేలోపు అదే క్యాంటీన్‌లో, అదే ఎదుటి లాయరు పక్కన కూర్చుని కనిపిస్తాడు. ఈ అపోహ వల్ల నడుస్తున్న కేసులు మధ్యలో చేతులు మారి పాడైపోవడం చూస్తూ ఉండటం నాకు చాలా బాధ కలిగిస్తుంది. అందుకే ఆ టీ గ్లాసు వెనుక ఉన్న సంగతి ఈరోజు వివరంగా చెప్పదలచుకున్నాను.

కార్పొరేట్ సంస్థల లాయర్లను పక్కన పెడదాం. హైదరాబాద్‌లో అద్దె గదుల్లో నడిచే ఒక చిన్న ఆఫీసును ఊహించుకోండి. అందులో ఒక సీనియరు, ఇద్దరు జూనియర్లు, ఒక గుమాస్తా ఉంటారు. ఆ ఆఫీసుకు ప్రాణం వాయిదాల డైరీ. పేజీకి ఎడమ వైపు గత వాయిదా తేదీ, తర్వాత కేసు నంబరు, పార్టీల పేర్లు, కేసు ఏ దశలో ఉందో తెలిపే ఒక పొడి మాట, చివర వచ్చే వాయిదా రాసుకోవడానికి ఖాళీ గడి ఉంటాయి. ఆదివారం రాత్రి గుమాస్తా ఆ పేజీ మీద ఎర్ర సిరాతో సున్నాలు చుడుతున్నాడంటే, మర్నాడు ఒకే సమయానికి ఒకటికి మించిన చోట్ల సీనియరు ఉండవలసి వచ్చిందని అర్థం.

(తెరపై: డైరీ పేజీ. సోమవారం.)

ఈ సోమవారం పేజీ చూద్దాం. సికింద్రాబాద్ సివిల్ కోర్టులో ఒక స్థలం ఇంజంక్షన్ దావా (ఎదుటివారిని అడ్డుకునే ఉత్తర్వు కోరేది) ఉంది, అందులో మనది ప్రతివాది పక్షం, వాది క్రాస్ ఎగ్జామినేషన్ (సాక్ష్యం చెప్పిన వాదిని ఎదుటి లాయరు ప్రశ్నించడం) జరగాలి. నాంపల్లి క్రిమినల్ కోర్టులో ఒక చెక్ బౌన్స్ కేసు, ఎల్.బి.నగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టులో ఒక భాగపంపకాల దావా వాదనలు ఉన్నాయి. హైకోర్టులో ఒక రిట్ పిటిషన్ లిస్టు మధ్యలో ఎక్కడో ఉంది, అది పదకొండింటికి పిలుస్తారో సాయంత్రం పిలుస్తారో చెప్పగలవారు లేరు. కింది కోర్టులన్నీ ఉదయం పదిన్నరకే కాల్ వర్క్ (ఆ రోజు కేసులను వరుసగా పిలవడం) మొదలుపెడతాయి. ఇది చాలదన్నట్టు పెద్ద జూనియరు కూతురికి రాత్రి నుంచి జ్వరం, ఆమె మధ్యాహ్నం దాకా రాలేనని కబురు పెట్టింది.

"లాయరు వేరే కోర్టులో ఉన్నాడని చెప్పి వాయిదా తీసుకుంటే సరిపోతుంది కదా" అని మీరు అనుకోవచ్చు. చట్టం అందుకు ఒప్పుకోదు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 17వ ఆర్డరు మొదటి రూలు వాయిదాల గురించి చెబుతుంది. 1976 సవరణతో అందులో చేరిన ఒక నిబంధన ప్రకారం న్యాయవాది మరో కోర్టులో పనిలో ఉండటం వాయిదాకు కారణం కాదు. 2002 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన సవరణ ప్రకారమైతే, దావా విచారణలో ఒక పక్షానికి మూడుకు మించి వాయిదాలు ఇవ్వకూడదు. ఈ పరిమితి మరీ గొడ్డలిపెట్టు కాకూడదని 2005లో సేలం అడ్వకేట్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు కొంత వెసులుబాటు ఇచ్చింది. అయితే ఆ తీర్పులో ఉదాహరణలుగా చెప్పినవి భోపాల్ గ్యాస్ దుర్ఘటన, గుజరాత్ భూకంపం వంటివి. మన సీనియరు ఎల్.బి.నగర్‌లో ఉన్నాడన్న సంగతి ఆ కోవలోకి రాదు.

రాకపోతే ఏమవుతుంది? సికింద్రాబాద్‌లో వాది బోను ఎక్కి నిలబడ్డాడు, క్రాస్ చేయవలసిన మన లాయరు లేడు. కోర్టు "క్రాస్ నిల్" అని రాసుకుని సాక్షిని దింపేయవచ్చు. తర్వాత సాక్ష్యం మళ్లీ తెరవమని, సాక్షిని మళ్లీ పిలవమని పిటిషన్లు వేయాలి, ఖర్చులు కట్టాలి, అప్పటికీ కోర్టు ఒప్పుకుంటేనే క్రాస్ దక్కుతుంది. మనమే వాది పక్షమై పిలుపుకు ఎవరూ పలకకపోతే దావా డిఫాల్టు కింద కొట్టివేతకు గురవుతుంది, దాన్ని తిరిగి తెరిపించుకోవడానికి 30 రోజుల గడువు ఉంటుంది. నాంపల్లిలో ముద్దాయి రాని రోజున అతని తరఫున గైర్హాజరు పిటిషన్ వేసేవారు కూడా లేకపోతే వారంటు దాకా వెళుతుంది. మన మనిషి నాలుగు చోట్ల ఉండలేడు, ఒక్కచోట లేకపోయినా కేసుకు దెబ్బ తగులుతుంది.

ఇక్కడే నాకు ఊళ్లో వ్యవసాయం గుర్తుకు వస్తుంది. తొలకరి వాన పడితే ఊళ్లో అందరి చేలకూ ఒకేసారి అదను వస్తుంది. ఒక రైతుకు ఒకే ఎడ్లజత ఉంది, చెక్కలు మాత్రం నాలుగు దిక్కులా ఉన్నాయి. అదను దాటితే విత్తనం మొలవదు. అప్పుడు రైతు ఏం చేస్తాడు? పక్క రైతుతో బదులు పెట్టుకుంటాడు: ఈరోజు నీ అరక నా చేలో, రేపు నా అరక నీ చేలో. ఆ ఇద్దరికీ గట్టు తగాదా ఉండవచ్చు, మాటా మాటా అనుకుని ఉండవచ్చు, అయినా అదను రోజున బదులు ఆగదు. బదులు వెళ్లినంత మాత్రాన తన గట్టు మీద హక్కును ఏ రైతూ వదులుకోడు.

(తెరపై: మళ్లీ క్యాంటీన్ బల్ల.)

ఇప్పుడు ఆ టీ దగ్గరకు వద్దాం. సోమవారం పది గంటల వేళ మన చిన్న జూనియరు సికింద్రాబాద్ కోర్టు క్యాంటీన్‌లో వాది తరఫు లాయరును వెతికి పట్టుకుంటాడు. "నమస్తే సార్. మా సార్ ఎల్.బి.నగర్‌లో ఆర్గ్యుమెంట్స్‌లో ఉన్నారు. పన్నెండింటికల్లా వచ్చేస్తారు. కాల్ వర్క్‌లో పాస్ ఓవర్ అడుగుతాను, మీరు అబ్జెక్షన్ చెప్పకండి సార్." పాస్ ఓవర్ అంటే కేసును పక్కన పెట్టి ఆ రోజే కాస్త తర్వాత పిలవమని కోరడం. ఆ లాయరు గ్లాసు కింద పెట్టి ఒక్క క్షణం ఆలోచిస్తాడు. "మా పార్టీ కరీంనగర్ నుంచి వచ్చాడయ్యా, ఇవాళ క్రాస్ అయిపోవాల్సిందే. పన్నెండున్నర దాకా చూస్తాను. మీ సార్‌కి చెప్పు, శుక్రవారం నాకు హైకోర్టులో పని ఉంది, ఆ రోజు మన రెంట్ కేసులో నాకు కాస్త సర్దుకోమని." బదులు కుదిరింది. మొదటి పిలుపులో జూనియరు లేచి పాస్ ఓవర్ అడుగుతాడు, ఎదుటి లాయరు మౌనంగా తలూపుతాడు, జడ్జిగారు కేసును పక్కన పెడతారు. వరండాలో నిలబడి ఆ టీని మాత్రమే చూసిన మన కక్షిదారుకు ఇది కుట్రలా కనిపిస్తుంది. నిజానికి అతని క్రాస్ హక్కును ఆ ఉదయం కాపాడింది ఆ టీయే.

గమనించండి, ఎదుటి లాయరు ఇవాళే క్రాస్ ముగియాలన్న పట్టు వదలలేదు, తన పార్టీ ప్రయోజనాన్ని తాకట్టు పెట్టలేదు. ఇచ్చింది రెండు గంటల సమయం మాత్రమే. పన్నెండున్నరకు మన సీనియరు వచ్చి అదే వాదిని నిలువునా ప్రశ్నలతో ఉక్కిరిబిక్కిరి చేస్తాడు, ఆ లాయరు లేచి ప్రతి రెండో ప్రశ్నకూ అభ్యంతరం చెబుతాడు. బదులు వేరు, గట్టు వేరు.

ఇంకొక ముఖ్యమైన సంగతి చాలామందికి తెలియదు. ఇద్దరు లాయర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం కేవలం మర్యాద కొద్దీ జరిగేది కాదు, నియమం కూడా అలాగే ఉంది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 34వది ఏం చెబుతుందంటే, ఎదుటి పక్షానికి న్యాయవాది ఉన్నప్పుడు కేసు విషయమై మీ లాయరు నేరుగా ఆ పక్షంతో మాట్లాడకూడదు, ఆ న్యాయవాది ద్వారానే మాట్లాడాలి. కనుక రాజీ ప్రతిపాదన రావాలన్నా, పత్రాల నకళ్లు అందాలన్నా, భాగపంపకాల్లో తూర్పు వాటా ఎవరికో తేలాలన్నా ఆ ఇద్దరూ కూర్చోవలసిందే. వాళ్లు మొహం చాటేసుకుని తిరిగే కేసుల్లో రాజీకి దారే మూసుకుపోతుంది. అన్నదమ్ముల దావాలు తరాల పాటు సాగడంలో ఇదొక కారణమని నేను గట్టిగా నమ్ముతాను.

అయితే అంత తక్కువ మంది ఉన్న ఆఫీసు అన్ని కేసులు ఎందుకు ఒప్పుకోవాలి? ఈ ప్రశ్న న్యాయమైనదే, జవాబు డబ్బులో ఉంది. లాయరు ప్రకటనలు ఇచ్చుకోకూడదని 36వ నియమం చెబుతుంది. గెలిస్తే ఇంత వాటా అని ఫీజు మాట్లాడుకోకూడదని 20వ నియమం చెబుతుంది. అంటే కోటి రూపాయల స్థలం గెలిపించినా అందులో పైసా వాటా రాదు, ముందు మాట్లాడుకున్న ఫీజే వస్తుంది, అదీ వాయిదాల పద్ధతిలో వస్తుంది. చాలా దావాల్లో వకాల్తా (కక్షిదారు తరఫున కేసు నడిపే అధికారపత్రం) వేసిన రోజున కొంత అందుతుంది, మిగతాది సాక్ష్యం దశకు వచ్చేసరికి "వచ్చే నెల చూద్దాం సార్" అన్న మాటగా మారుతుంది. ఆఫీసు అద్దె, గుమాస్తా జీతం మాత్రం ఏ నెలకానెల కట్టక తప్పదు. పాత కేసుల బాకీ వసూలు కాని ఆఫీసు కొత్త వకాల్తాలతో నెల గడుపుకుంటుంది, కొత్త వకాల్తాలు పెరిగినకొద్దీ డైరీలో ఎర్ర సున్నాలు పెరుగుతాయి. ఫీజు ఇవ్వలేదని కేసు కట్టను అట్టిపెట్టుకునే హక్కు కూడా లాయరుకు లేదని 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. నా దృష్టిలో అది సరైన తీర్పు, ఎందుకంటే కాగితాలు కక్షిదారువి.

ఈ ఒత్తిడి భారమంతా చివరికి జూనియర్ల మీద పడుతుంది. నగరాల్లో జూనియర్లకు నెలకు కనీసం 20,000 రూపాయలు, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సూచించింది. అది సూచన మాత్రమే. మన సోమవారం ఆఫీసులాంటి చోట సీనియరుకే నెలాఖరున మిగిలేది కొద్దిగా ఉన్నప్పుడు ఆ మొత్తం ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే చురుకైన జూనియరు కొన్నాళ్లకు బయటికి వెళ్లి సొంత బోర్డు పెట్టుకుంటాడు, అతనితో పాటు కొందరు కక్షిదారులూ వెళతారు. నిన్నటి వరకు సీనియరు సంచి మోసినవాడు ఇవాళ అదే కోర్టులో ఎదురు నిలబడతాడు. పోటీ అక్కడ నిజంగానే ఉంటుంది, మనసు నొచ్చుకోవడమూ ఉంటుంది. అయినా అదను రోజున వాళ్లిద్దరూ బదులు పెట్టుకోవలసిందే, వేరే దారి లేదు. 2019 జనవరి 1న హైకోర్టు రెండుగా విడిపోయినప్పుడు ఆంధ్రప్రదేశ్ కేసులు అమరావతికి తరలిపోయాయి, ఆ కేసుల మీదే ఆధారపడిన చిన్న ఆఫీసులు సంసారం హైదరాబాద్‌లో, ప్రాక్టీసు కృష్ణా తీరాన పెట్టుకోవలసి వచ్చింది. అలాంటప్పుడు అక్కడొకరు, ఇక్కడొకరు ఒకరి కేసు ఒకరు చూసుకోకపోతే ఆ ఆఫీసులు నిలబడేవి కావు.

సమయం దగ్గర పడింది కనుక మిగతావి త్వరగా చెప్పేస్తాను. అమ్ముడుపోయే లాయర్లు అసలు ఉండరని నేను చెప్పడం లేదు. ఒకే కేసులో ముందు ఒక పక్షానికి, తర్వాత ఎదుటి పక్షానికి నిలబడిన రాజస్థాన్ న్యాయవాది చర్య వృత్తి దుష్ప్రవర్తనేనని 1983లో సుప్రీంకోర్టు నిర్ధారించింది. ద్రోహం ఆనవాళ్లు కాగితాల్లో దొరుకుతాయి, క్యాంటీన్‌లో కాదు. మీకు చెప్పకుండా రాజీ మెమో వేయడం, మీ పత్రాలను దాఖలు చేయకుండా దాచడం, వాయిదా తర్వాత వాయిదా మీ పక్షం నుంచే కోరినట్టు కోర్టు డాకెట్‌లో (ప్రతి వాయిదాకు ఏం జరిగిందో కోర్టు రాసుకునే చోట) నమోదు కావడం అసలైన ఆనవాళ్లు. మీ కేసుకు పదహారు అక్షరాలు, అంకెల సి.ఎన్.ఆర్. నంబరు ఉంటుంది, దాన్ని ఈ-కోర్ట్స్ యాప్‌లో కొట్టి ప్రతి వాయిదాకు ఏం జరిగిందో మీరే చూసుకోండి. అనుమానం ఉంటే డాకెట్ ఆర్డర్ల నకళ్లు తీయించండి. లాయరును మార్చాలనుకుంటే పాత లాయరు సమ్మతితో కొత్త వకాల్తా వేయాలి, ఆయన ఇవ్వనంటే కారణం చెప్పి కోర్టు అనుమతి కోరవచ్చు. నిజంగా మోసం జరిగిందనుకుంటే అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షను కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయండి. వినియోగదారుల కమిషన్‌కు మాత్రం వెళ్లకండి, న్యాయవాదుల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందకు రావని 2024 మేలో సుప్రీంకోర్టు చెప్పింది.

మరో మాట. వాయిదా రోజున కోర్టుకు వెళ్లినప్పుడు మీ లాయరు ఎదుటివారితో మాట్లాడి వచ్చాక "ఏం మాట్లాడుకున్నారు సార్?" అని నేరుగా అడగండి. అడగడానికి మీకు పూర్తి హక్కు ఉంది, చెప్పడం ఆయన బాధ్యత. పన్నెండున్నర దాకా టైము దొరికిందని ఆయన చెబితే, ఆ రెండు గంటల్లో క్రాస్‌కు కావలసిన కాగితాలు వరుసలో ఉన్నాయో లేదో జూనియరుతో కలిసి ఒకసారి సరిచూసుకోండి.