కాలు బ్రేక్ మీదే ఉంటే

అందరికీ నమస్కారం. టెన్షన్ భార్యాభర్తల లైంగిక జీవితాన్ని ఎలా దెబ్బతీస్తుందో తిరుపతిలో మైకు పట్టుకుని మాట్లాడితే కొందరికి ఇబ్బందిగా ఉంటుందని తెలుసు. అయినా మాట్లాడాలి. సలహా కోసం నా దగ్గరికి వచ్చేసరికే చాలామంది ఏళ్ల తరబడి లోలోపల నలిగిపోయి ఉంటారు.

చిత్తూరు వైపు నుంచి ఒక జంట వచ్చారు. ఊరూ పేరూ చెప్పను. తోతాపురి మామిడి తోట ఉంది వాళ్లకు. ఆ ఏడాది గుజ్జు ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్ల వరుసలోనే కాయ మెత్తబడిపోయింది. అప్పు మిగిలింది. "ఆయనకు నా మీద మనసు పోయింది మేడమ్" అందామె. ఆయన తువ్వాలు అంచును వేలికి చుడుతూ, విప్పుతూ చాలాసేపు కూర్చున్నాడు. "మనసు పోలేదు మేడమ్. లైటు ఆర్పగానే వడ్డీ లెక్క మొదలవుతుంది" అన్నాడు.

తిరుమల ఘాట్ రోడ్డు దిగే డ్రైవరు కాలు బ్రేక్ మీద నుంచి తీయడు కదా. నెలల తరబడి టెన్షన్‌లో ఉన్న శరీరమూ అంతే. ప్రమాదం ఉందనుకుని అడ్రినలిన్, కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్లను వదులుతుంది. అంగం గట్టిపడాలన్నా, స్త్రీకి తడి రావాలన్నా ఒళ్లు నెమ్మదించాలి. దిగులు దాన్ని నెమ్మదించనివ్వదు. కొందరికి టెన్షన్‌లో కోరిక పెరుగుతుంది, అదీ రోగం కాదు.

అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. "ఈరోజైనా అవుతుందా?" అని మనల్ని మనమే పరీక్షించుకోవడం. అమెరికాలో లైంగిక సమస్యల మీద పరిశోధన చేసిన మాస్టర్స్, జాన్సన్ 1970లోనే దీని గురించి రాశారు. కొన్నాళ్లు సంభోగం వద్దని ముందే అనుకుని, తాకడం వరకే ఆగమన్నారు. పరీక్షే లేకపోతే తప్పుతామన్న భయమూ ఉండదు. ఆ జంటకూ అదే చెప్పాను. వడ్డీ లెక్క మాత్రం పగలు, ఇద్దరూ కూర్చుని కాగితం మీద రాయమన్నాను. అప్పు ఎంతో ఆమెకు తెలిసింది అప్పుడే.

గోడల మీద రహస్య వైద్యం పోస్టర్లు చూసి దయచేసి డబ్బు తగలేయకండి. షుగరు, థైరాయిడ్, అవసరమైతే హార్మోన్ల పరీక్షలు చేయించుకోండి. డిప్రెషన్‌కు వాడే కొన్ని మాత్రలూ కోరిక తగ్గిస్తాయి. వాటిని మీరే మానేయకుండా డాక్టరుకు చెప్పండి, మార్చే వీలుంటుంది. దిగులు మరీ ఎక్కువైతే 14416కు ఫోన్ చేయండి. అది మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే టెలీ మానస్ హెల్ప్‌లైన్ నంబరు, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇక్కడ లేచి అడగలేనివాళ్లు చీటీ రాసివ్వండి. పేరు అక్కర్లేదు. అందరూ వెళ్లేదాకా ఇక్కడే ఉంటాను.