21 గేర్లంటే 21 కావు: పెనం చూసి దోశ అడగండి

(సైకిల్ స్టాండు మీద ఉంది. మాట్లాడుతూనే వెనక చక్రం తిప్పుతూ మొదలు.)

నమస్తే అండీ. ఇవాళ కొంచెం చిరాగ్గా ఉన్నాను, ముందే చెప్పేస్తున్నా. కరకట్ట మీద ఎక్కడ ఆగినా, కొండపల్లి వైపు ఎక్కడ నీళ్ళు తాగుతూ నిలబడ్డా, ఎవరో ఒకరు వచ్చి అడిగే మొదటి మాట: "అన్నా, ఎన్ని గేర్లు?" పది అంటే చాలు, మొహంలో జాలి. "పదేనా? నాది 21!" అని, పాపం ఓదార్చినట్టు మాట్లాడతారు. షాపులో అమ్మేవాళ్ళు కూడా అంతే. ఫ్రేము గురించి ఒక్క ముక్క చెప్పరు, బ్రేకుల గురించి చెప్పరు. "21 గేర్లు సార్, డబుల్ షాకప్ సార్" అంటారు, బిల్లు కొడతారు.

సరే, ఆ 21 ఏంటో ఇవాళ లెక్క తేల్చేద్దాం.

మీ వీధి చివర టిఫిన్ సెంటర్ బోర్డు గుర్తు తెచ్చుకోండి. ప్లెయిన్ దోశ, ఉల్లి దోశ, కారం దోశ, నెయ్యి కారం దోశ, ఉల్లి నెయ్యి కారం దోశ... బోర్డు మీద 21 పేర్లుంటాయి. లోపల పిండి గిన్నె ఒకటే. ప్లేటులోకి వచ్చాక సగం దోశలకి తేడా చెప్పడం వండినాయన వల్ల కూడా కాదు. 21 గేర్ల సైకిల్ సరిగ్గా ఆ బోర్డే.

(పళ్ళ చక్రాలు దగ్గరగా.)

తక్కువ ధర గేర్ సైకిళ్ళలో మామూలుగా వచ్చే సెట్టు ఇది. ముందు మూడు పళ్ళ చక్రాలు: 42, 34, 24 పళ్ళవి. వెనక ఏడు: 14 నుంచి 28 పళ్ళ దాకా. మూడు ఇంటూ ఏడు 21, అక్కడి నుంచి వచ్చిందే ఆ అంకె. ఇప్పుడు చూడండి. 27.5 అంగుళాల చక్రం ఒక చుట్టు తిరిగితే, టైరుతో కలిపి, దాదాపు 2.15 మీటర్లు పోతుంది. ముందు 42, వెనక 28 వేసి పెడల్ ఒక పూర్తి చుట్టు తొక్కితే బండి 3.2 మీటర్లు కదులుతుంది. ముందు 34, వెనక 22 వేశారనుకోండి, 3.3 మీటర్లు. ముందు 24, వెనక 16 వేస్తే? మళ్ళీ 3.2 మీటర్లు! మూడు వేరువేరు గేర్లు, మీ కాలికి తెలిసేది ఒక్కటే. ఉల్లి దోశ, ఉల్లిపాయ దోశ, ఆనియన్ దోశ.

ఇలా 21 కలయికలూ కాగితం మీద వేసి, కాలికి తేడా తెలియనంత దగ్గరగా ఉన్నవాటిని ఒకటిగా లెక్కేస్తే మిగిలేవి 13. నమ్మకపోతే మీరే వేసి చూడండి, ముందు పళ్ళను వెనక పళ్ళతో భాగించడమే, ఆరో తరగతి లెక్క. ఆ 21లో మళ్ళీ కొన్ని వాడకూడనివి ఉన్నాయి. ముందు అన్నిటికంటే పెద్దది, వెనక కూడా అన్నిటికంటే పెద్దది వేస్తే చైన్ అడ్డంగా సాగదీసుకుని నడుస్తుంది. గరగరమని చప్పుడు, త్వరగా అరుగుదల. చిన్నది, చిన్నది వేసినా అదే కథ.

ఇప్పుడు ఆ జాలి చూపులకి గురైన పది గేర్ల బండి. ముందు ఒకటే చక్రం, 32 పళ్ళు. వెనక 11 నుంచి 42 దాకా పది. ఒక చుట్టుకి బండి ఎంత తక్కువ దూరం పోతే కాలికి అంత తేలిక, గుర్తుంచుకోండి. అన్నిటికంటే తేలిక గేర్లో పెడల్ ఒక చుట్టుకి 1.64 మీటర్లు, అన్నిటికంటే బరువు గేర్లో 6.25 మీటర్లు. 21 గేర్ల బండికి అవే రెండు కొసలు 1.84, 6.45. రెండు చోట్లా తేడా 20 సెంటీమీటర్లే. కానీ ఆ 20 సెంటీమీటర్లు రెండు చోట్లా ఒకటి కాదు, అసలు విషయం ఇక్కడే ఉంది. బరువు గేర్లో ఆ తేడా 3 శాతం. హైవే మీద గంటకు 31 కిలోమీటర్లు పోయేవాడు 30 పోతాడు, అంతే. తేలిక గేర్లో మాత్రం అది 12 శాతం. కొండవీడు ఘాట్ రోడ్డు ఎక్కుతున్నప్పుడు, తొడలు మండుతున్నప్పుడు, ఆ 12 శాతమే బండి మీద ఉండటానికీ, దిగి తోసుకుంటూ నడవటానికీ మధ్య తేడా. అంటే కొండ బండి అని కొన్న 21 గేర్లది కొండ దగ్గరే చేతులెత్తేస్తుంది.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. వెనక 28 బదులు 34 పళ్ళ పెద్ద చక్రంతో వచ్చే 21 గేర్ల బండ్లూ ఉన్నాయి. వాటి తేలిక గేర్ నిజంగానే తేలిక, దాదాపు 1.5 మీటర్లు. కాకపోతే 24 పళ్ళ తర్వాత నేరుగా 34కి గెంతుతుంది, మధ్యలో ఏమీ లేదు. ఎక్కుతూ ఎక్కుతూ గేర్ మార్చగానే కాళ్ళు ఒక్కసారి ఖాళీగా గిర్రున తిరుగుతాయి. అయినా ఆ రెండిట్లో ఏదంటే నేను అదే తీసుకోమంటాను.

మరి కంపెనీలు ముందు మూడు చక్రాలు ఎందుకు తగ్గించుకుంటూ వచ్చాయి? ఒకప్పుడు వెనక అంత పెద్ద పళ్ళ చక్రాలు ఉండేవి కావు, అందుకే ముందు మూడు పెట్టారు. 2012లో సైకిల్ గేర్లు చేసే స్రామ్ కంపెనీ ముందు ఒకటి, వెనక 11 పెట్టి మౌంటెన్ బైక్‌కి అమ్మింది, 2016లో వెనక 12 చేసింది. ముందు చక్రానికి ఒక పన్ను లావు, ఒక పన్ను సన్నం, మళ్ళీ లావు... అలా చేసేసరికి గతుకుల్లో చైన్ ఊడటం బాగా తగ్గింది. ఎడమ చేతి గేర్ మీటే పోయింది. ఇక టెన్షన్ సగమే.

సరే, ఇక్కడిదాకా విన్నాక చాలామంది అనేది నాకు తెలుసు. "అయితే అన్నా, నా 21 గేర్ల బండికి పది గేర్లు వేయించేస్తా, ఎంతవుతుంది?"

ఇక్కడే పెనం వస్తుంది. మీరు బారెడు పేపర్ దోశ అడిగారు. లోపల పెనం జానెడు. పిండి మార్చినా, మాస్టర్ని మార్చినా దోశ జానెడే వస్తుంది. సైకిల్‌లో ఆ పెనం పేరు వెనక హబ్బు, అంటే చక్రం మధ్యలో ఇరుసు చుట్టూ తిరిగే గుండ్రటి భాగం.

(కెమెరా వెనక ఇరుసు మీదికి. ఇది పూర్తిగా చూపించాలి, కట్ చేయొద్దు.)

ఇప్పుడే లేచి మీ బండి దగ్గరికి వెళ్ళండి. వెనక అన్నిటికంటే చిన్న పళ్ళ చక్రం ఉంది కదా, దాని లోపల, ఇరుసు చుట్టూ, టూల్ పట్టడానికి గాట్లు కనిపిస్తాయి. దుమ్ము పట్టి ఉంటుంది, గుడ్డతో తుడవండి. ఇప్పుడు చక్రం కదలకుండా ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో పళ్ళ చక్రాలను వెనక్కి తిప్పండి. టకటకమని చప్పుడొస్తుంది. ఆ గాట్లనే చూడండి. పళ్ళతో పాటు గాట్లు కూడా తిరిగితే మీది క్యాసెట్. పళ్ళు తిరుగుతున్నాయి, గాట్లు మాత్రం కదలకుండా అలాగే ఉన్నాయి అంటే మీది ఫ్రీవీల్. ఇదిగో, దీనికి తిరగట్లేదు, చూశారా? ఫ్రీవీల్.

ఫ్రీవీల్ అంటే పళ్ళ చక్రాలూ, ఆ టకటక యంత్రమూ అన్నీ ఒకే ముద్ద. దాన్ని హబ్బు మీదికి మర లాగా బిగిస్తారు. దీంతో రెండు ఇబ్బందులు. మొదటిది, దీనికి మంచి రకం దొరికేది ఏడు, మహా అయితే ఎనిమిది గేర్ల దాకానే. పది గేర్ల ఫ్రీవీల్ కూడా ఆన్‌లైన్‌లో కనిపిస్తుంది, చూసి ఆశపడకండి, ఎందుకంటే రెండో ఇబ్బంది అలాగే ఉంటుంది. కుడివైపు బేరింగు ఫ్రీవీల్‌కి లోపలి వైపున ఉండిపోతుంది. అక్కడి నుంచి ఫ్రేము దాకా ఇరుసుకి ఆసరా లేదు. 80 కిలోల మనిషి ఎక్కి, రాళ్ళ దారిలో నాలుగు గెంతులు గెంతితే ఆ ఇరుసు వంగుతుంది, ఒక్కోసారి విరుగుతుంది. ఎన్ని గేర్లు పెంచితే ఆ ఆసరా లేని భాగం అంత పొడుగు. క్యాసెట్ అంటే పళ్ళ చక్రాల కట్ట ఒక్కటే, టకటక యంత్రం హబ్బుకే ఉంటుంది. ఆ క్యాసెట్ హబ్బులో బేరింగు ఫ్రేముకి దగ్గరగా, బయటి కొసన ఉంటుంది. అందుకే అది నిలబడుతుంది.

కాబట్టి పది గేర్లు కావాలంటే ముందు పెనం మార్చాలి, అంటే క్యాసెట్ హబ్బుతో కొత్త వెనక చక్రం. చక్రం మారిస్తే క్యాసెట్ కొనాలి. దానికి తగ్గ గేర్ మీట కొనాలి. చైన్ని ఒక పళ్ళ చక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపే వెనక డిరైలర్ కూడా మార్చాలి, ఎందుకంటే గేర్లు, బ్రేకులు చేసే షిమానో కంపెనీ మౌంటెన్ బైక్ సామాన్లలో 9 గేర్ల దాకా వైరు లాగే కొలత ఒకటి, 10 నుంచి ఇంకొకటి. పాత డిరైలర్‌కి కొత్త మీట పెడితే గేర్లు పడవు. చైన్ సన్నది కావాలి. ముందు మూడు చక్రాలు తీసి ఒకటి పెడదామంటే, తక్కువ ధర క్రాంకులకి, అంటే పెడల్ తగిలించే చేతులకి, అవి రివెట్లు కొట్టి ఉంటాయి, ఊడవు. క్రాంకు మొత్తం కొత్తది. లెక్క కట్టండి. బండి ధరలో సగం అక్కడే అయిపోతుంది, ఫ్రేము మాత్రం ఆ పాతదే. జానెడు పెనం ఉన్న బండికి బారెడు దోశ పెట్టించాలని డబ్బు పోయకండి. ఉన్నదాన్ని తొక్కండి, డబ్బు దాచండి, ఈసారి కొనేటప్పుడు గాట్లు తిరుగుతున్నాయా లేదా చూసి కొనండి.

అప్పుడు ఎనిమిది గేర్లదైనా పర్వాలేదు. అది క్యాసెట్ అయితే, షిమానో పద్ధతి హబ్బు అయితే, అదే హబ్బు మీద 9, 10, మౌంటెన్ బైక్ 11 కూడా ఎక్కుతాయి. 10 పళ్ళతో మొదలయ్యే 12 గేర్ల క్యాసెట్లకి మాత్రం హబ్బు మీద క్యాసెట్ ఎక్కే భాగం వేరే రకం కావాలి, షిమానోకి మైక్రో స్ప్లైన్, స్రామ్‌కి ఎక్స్‌డీ. షాపులో "గేర్లు ఎన్ని?" అని కాదు, "ఫ్రీవీలా, క్యాసెట్టా?" అని అడగండి. అమ్మేవాడు నీళ్ళు నమిలితే మీరే వంగి తిప్పి చూసుకోండి.

(పక్కనున్న టైర్లు తీసుకుని.)

అయ్యో, లైటు బ్యాటరీ ఎర్రగా వెలుగుతోంది. మిగతావి గబగబా.

తక్కువ ధర బండి మీద డబ్బు పెట్టాలనిపిస్తే టైర్ల మీద పెట్టండి. మన దగ్గర శత్రువులు రెండు: పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్ళు. ట్యూబుకీ టైరుకీ మధ్య వేసే పట్టీ దొరుకుతుంది, వేయించుకోండి. ట్యూబ్‌లెస్ ఇంకా మంచిది, రిమ్ము దానికి పనికొస్తేనే. చిల్లులు మూయడానికి లోపల పోసే సీలెంటు మన ఎండలకి త్వరగా ఎండిపోతుంది, బెజవాడ మే నెలని నమ్ముకుని వదిలేయకండి, మధ్యమధ్య ఊపి చూడండి, చప్పుడు రాకపోతే మళ్ళీ పోయండి. గాలి: షాపులో రాయిలా కొట్టి ఇస్తారు. 2.1 అంగుళాల టైరుకి, 70 కిలోల మనిషికి, ట్యూబుతో 30 నుంచి 35 పీఎస్ఐ చాలు మట్టి దారిలో. రోడ్డు మీదికైతే ఇంకాస్త. బండి దూకకుండా దారిని పట్టుకుంటుంది, పైసా ఖర్చు లేని అప్‌గ్రేడ్.

వాన పడ్డాక నల్లరేగడిలోకి వెళ్ళకండి. అమరావతి వైపు పొలాల దారుల్లో చూసేవుంటారు, రెండు చుట్లకి చక్రం ఫ్రేములో ఇరుక్కుపోయి బండి భుజానికెత్తుకోవాల్సి వస్తుంది. దానికి టైరు మార్చడం పరిష్కారం కాదు, లావు టైరు వేస్తే ఇంకా త్వరగా ఇరుక్కుంటుంది.

చైన్: పిల్లల 12 అంగుళాల స్కేలు తీసుకోండి. ఒక పిన్ను మధ్యలో సున్నా పెడితే, కొత్త చైన్‌కి సరిగ్గా 12 దగ్గర ఇంకో పిన్ను మధ్యభాగం వస్తుంది. అది అంగుళంలో పదహారో వంతు దాటి జరిగిందంటే చైన్ మార్చేయండి. బద్ధకిస్తే పళ్ళ చక్రాలన్నీ అరిగి, వందల ఖర్చు వేలల్లోకి పోతుంది.

డబుల్ షాకప్: తక్కువ ధరలో వద్దు. ఆ వెనకది ఉత్త స్ప్రింగు, మీరు తొక్కిన బలంలో కొంత మింగి ఊగుతుంది, పైగా బరువు. ముందు ఫోర్కు మార్చుకుందామనుకునేవాళ్ళు ముందు ఫ్రేము మెడ కొలత చూడండి. ఇప్పుడొచ్చే మంచి ఫోర్కుల కాడ చాలావాటికి కింద లావుగా ఉంటుంది, పైనా కిందా ఒకే లావు మెడ ఉన్న పాత ఫ్రేముల్లో దూరదు. ఇదీ పెనం గొడవే.

ఆఖరిది, బ్రేకులు. హైడ్రాలిక్ డిస్కు ఉన్నవాళ్ళు వినండి. షిమానో బ్రేకుల్లో పోసేది మినరల్ ఆయిల్. మోటార్‌సైకిల్ మెకానిక్ దగ్గర ఉండేది డాట్ ఆయిల్. "రెండూ బ్రేక్ ఆయిలే కదా" అని ఆయన పోసేస్తాడు, మంచి మనసుతోనే. కొన్నాళ్ళకి లోపలి రబ్బరు సీళ్ళు ఉబ్బిపోయి బ్రేకు మీట మెత్తబడుతుంది, కొండ దిగుతున్నప్పుడు. మీట మూత మీద ఏ ఆయిలో రాసే ఉంటుంది, డబ్బా తెరిచే ముందు ఆయనకి చూపిం...

(లైటు ఆరిపోయింది. గొంతు మాత్రం.)

...చూపించండి. ఉంటానండీ.