గానుగెద్దు కాదండీ

అందరికీ నమస్కారం. అమెరికాలో జరిగే ఇండీకార్ కార్ల రేసుల గురించి మాట్లాడబోతున్నానని చెబితే మా బావగారు, "గానుగెద్దులా ఒకేచోట తిరిగే బండ్లను చూడటానికి నీకంత తీరిక ఎక్కడిదయ్యా?" అన్నారు. ఆయన ముందు వరుసలోనే కూర్చున్నారు కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

అసలు అన్నీ గుండ్రంగా తిరిగేవి కావు. మార్చిలో సీజన్ మొదలయ్యేది ఫ్లోరిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో. చిన్న విమానాశ్రయం రన్‌వే కొంత, మిగతాదంతా ఊళ్లో రోజూ కార్లు తిరిగే వీధులు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల రేసు చూసినవాళ్లకు ఇది తెలుసు: గోడ పక్కనే ఉంటుంది, కాస్త తగిలినా రేసు అయిపోయినట్టే. కాలిఫోర్నియాలోని లాంగ్‌బీచ్ కూడా ఇలాంటిదే. విస్కాన్సిన్‌లోని రోడ్ అమెరికా మాత్రం చెట్ల మధ్య ఎక్కుతూ దిగుతూ సాగే నాలుగు మైళ్ల దారి, పద్నాలుగు మలుపులు. వీటన్నిటికీ ఒకటే కారు, ఇటలీ కంపెనీ డల్లారా తయారుచేసేది, 2012 నుంచి వస్తున్నది. ఇంజిన్ హోండాదో షెవర్లేదో. పవర్ స్టీరింగ్ లేదు, రేసు అయ్యేసరికి చేతులు పడిపోతాయి.

ఇప్పుడు బావగారి గానుగ దగ్గరికి వద్దాం. ఓవల్ అంటే కోడిగుడ్డు ఆకారపు ట్రాక్, మలుపులన్నీ ఎడమకే. అందుకని దాని మీద కుడివైపు టైర్లు ఎడమవైపు వాటికన్నా కాస్త పెద్దవి పెడతారు. మీ చేతిలో ఉన్న పేపర్ కప్పును బల్లమీద పడుకోబెట్టి దొర్లించండి. సన్నగా ఉన్న వైపుకు తిరుగుతుంది కదా? ఆ కారూ అంతే, తనంతట తానే ఎడమకు లాగుతుంది. అంటే తిన్నగా పోవాలన్నా డ్రైవరు స్టీరింగ్‌ను కుడికి పట్టి ఉంచాలి. అదీ గంటకు 370 కిలోమీటర్ల వేగంలో! ముందు కారు చీల్చిన గాలి వెనకవాడికి తిన్నటి దారిలో సాయం చేస్తుంది, మలుపులో అదే గాలి మోసం చేస్తుంది. ముందు చక్రాలకు పట్టు తప్పి కారు గోడవైపు జారుతుంది.

తిన్నటి దారిలో వెనకవాడికి ఆ సాయం ఉంటుంది కాబట్టే, ఇండియానాపోలిస్ ఓవల్ మీద జరిగే పెద్ద రేసు ఇండీ 500లో ముందున్నవాడికే ఎక్కువ టెన్షన్. 2024లో చివరి ల్యాప్ మొదటి మలుపులో ఓ'వార్డ్ అనే డ్రైవరు ముందుకొచ్చాడు. మూడో మలుపులో న్యూగార్డెన్ బయటివైపు నుంచి దాటేసి గెలిచాడు. 2011లో ఇంకా ఘోరం. హిల్డెబ్రాండ్ అనే కుర్రాడు చిట్టచివరి మలుపులో నెమ్మదిగా పోతున్న కారును దాటబోయి గోడకు కొట్టాడు. డాన్ వెల్డన్ అతణ్ణి దాటిపోయి గెలిచాడు. ఆ అక్టోబరులోనే లాస్ వేగస్ ఓవల్ మీద వెల్డన్ చనిపోయాడు. అతను టెస్ట్ చేసిపెట్టిన కొత్త కారుకు అతని పేరే కలిపి డీడబ్ల్యూ12 అన్నారు. ఇందాక చెప్పిన డల్లారా అదే. నేను ఈ సంగతి చెప్పకుండా ఆ కారు గురించి మాట్లాడలేను.

సీజన్ మొత్తం చూడమని నేనెందుకంటానో అలెక్స్ పాలో సంగతి వింటే తెలుస్తుంది. 2021, 2023, 2024ల్లో ఈ స్పెయిన్ కుర్రాడే చాంపియన్. వీధుల్లో, కొండదారుల్లో అతణ్ణి పట్టుకోవడం కష్టం. కానీ అప్పటిదాకా ఓవల్ మీద ఒక్క గెలుపు లేదు. మూడు టైటిళ్లు గెలిచినా "ఓవల్ గెలవలేదుగా" అనేవాళ్లు. 2025 మేలో మొదటిసారి ఓవల్ గెలిచాడు, గెలిచింది ఏకంగా ఇండీ 500. అదే ఏడు నాలుగో టైటిలూ అతనిదే.

అక్కడ గెలిచినవాళ్లు పాలు తాగడం మీరు ఫొటోల్లో చూసే ఉంటారు. ఆ ఆచారం 1930ల్లో లూయిస్ మేయర్ నుంచి వచ్చింది, ఆయన తాగింది మజ్జిగ. అమెరికా మజ్జిగ మనదానంత పల్చగా ఉండదు లెండి. ఎండలో చాకిరీ చేసి వచ్చినప్పుడు వాళ్లమ్మ అదే తాగమనేదట.

ఇక ప్రశ్నలు అడగండి. బావగారిది చివర్న.