టెలిహ్యాండ్లర్ ఎప్పుడు తూలుతుంది? బల్ల మీది మోడల్‌తో లోడ్ చార్ట్ నేర్చుకుందాం

నమస్కారం. నా ముందు బల్ల మీద ఉన్నది 1:32 స్కేల్ టెలిహ్యాండ్లర్. పక్కన ఒకే సైజు స్టీల్ వాషర్లు ఒక గుప్పెడు, రెండు వైపులా అంటుకునే టేపు, గళ్ల కాగితం అంటించిన అట్ట, ఒక సన్నటి కాగితం ముక్క, మడతపెట్టిన మెత్తటి గుడ్డ. ఈ రోజు పనికి ఇవి చాలు. మోడల్‌కి రంగులు వేయడం కూడా చెప్తాను, కానీ అది చివర్లో. ముందు ఈ బండి ఎప్పుడు ముందుకి తూలుతుందో, ఎందుకు తూలుతుందో కళ్లారా చూద్దాం. అసలు బండి మీద ఈ ప్రయోగం చేస్తే ప్రాణాల మీదికి వస్తుంది. బల్ల మీద మాత్రం ఎన్నిసార్లైనా చేయొచ్చు. నేను మోడల్స్‌ని ఇంతగా ఇష్టపడడానికి ముఖ్య కారణం ఇదే.

ఈ బండిని కొత్తగా చూస్తున్నవాళ్లకి రెండు మాటలు. ఫోర్క్‌లిఫ్ట్‌లో బరువు నిట్టనిలువుగా పైకి లేస్తుంది. టెలిహ్యాండ్లర్‌కి బూమ్, అంటే ఒకదానిలో ఒకటి దూరే భాగాలున్న పొడవాటి చెయ్యి ఉంటుంది, కాబట్టి బరువు పైకీ పోతుంది, ముందుకీ పోతుంది. గోడకి అవతల, కందకానికి అవతల, బండి చక్రాలు పోలేని చోటికి బూమ్ పోతుంది. పొలంలో గడ్డి బేల్స్ పేర్చడానికీ, కట్టడాల దగ్గర ఇటుకల ప్యాలెట్లు పై అంతస్తులకి అందించడానికీ వాడేది ఇందుకే. బ్రిటన్‌లో జేసీబీ 1977లో లోడాల్ 520ని తెచ్చింది. ఫ్రాన్స్ నుంచి మానిటూ, ఇటలీ నుంచి మెర్లో కూడా ఈ రంగంలో పెద్ద పేర్లు. పై భాగం క్రేన్‌లా గుండ్రంగా తిరిగే రకాలు కూడా ఉన్నాయి, మెర్లో రోటో అలాంటిదే. మనం ఈ రోజు తిరగని మామూలు రకమే తీసుకుందాం.

బండి పేరులోనే దాని సత్తువ రాసి ఉంటుంది. జేసీబీ 541-70 చూడండి. మొదటి 5 ఆ శ్రేణి గుర్తు. తర్వాతి 41 అంటే 4.1 టన్నులు. 70 అంటే 7 మీటర్లు. మానిటూ ఎంఎల్‌టీ 741లో వరుస తిరగబడుతుంది: ముందు 7 మీటర్లు, తర్వాత 4.1 టన్నులు. మెర్లో టీఎఫ్ 42.7 అంటే 4.2 టన్నులు, 7 మీటర్లు. ఇది తెలిశాక మోడల్ పక్కన ఉన్న స్టిక్కర్ చదవడమే ఒక సరదా.

కానీ ఈ రెండు అంకెల్నీ కలిపి చదివితే పొరపాటే. 4.1 టన్నులు అన్నది బరువు బండికి దగ్గరగా ఉన్నప్పటి మాట. బూమ్ చాచే కొద్దీ ఆ అంకె పడిపోతూ ఉంటుంది. ఎంత పడిపోతుందో చెప్పేదే లోడ్ చార్ట్, క్యాబ్‌లో ఆపరేటర్ కళ్లెదుట ఉంటుంది. చాలామందికి ఆ వంపు గీతలు చూడగానే టెన్షన్. మనమే సొంతంగా ఒక చార్ట్ గీసుకుంటే ఆ టెన్షన్ పోతుంది. మొదలుపెడదాం.

మోడల్‌ని పక్క నుంచి చూపిస్తున్నాను. బూమ్ కీలు ఎక్కడుందో గమనించండి. ముందు చక్రాల దగ్గర లేదు, బాగా వెనక, దాదాపు వెనక ఇరుసు పైన ఉంది. క్యాబ్ ఎడమ వైపు, చాలా బండ్లలో ఇంజన్ కుడి వైపు, మధ్యలో బూమ్. బూమ్ కొంచెం లేచిందంటే ఆపరేటర్‌కి కుడి పక్క కనిపించడం కష్టం. అద్దాలు, కెమెరా ఉన్నా సరే, పని జరిగేచోట కుడివైపు నుంచి బండి దగ్గరికి నడిచి రావద్దని గట్టిగా చెప్పేది ఇందుకే.

ఇప్పుడు ముందు ఇరుసు మీద వేలు పెడుతున్నాను. ఈ బండి మొత్తానికి ఇదే తక్కెడ ముల్లు. దీనికి ముందున్న బరువంతా బండిని ముందుకి లాగుతుంది, వెనకున్నదంతా పట్టి ఉంచుతుంది. ఈ పోటీలో ఎవరు గెలుస్తున్నారో చెప్పేది వెనక టైరు. అందుకని ఈ కాగితం ముక్కని వెనక టైరు కింద పెడుతున్నాను. లాగి చూడండి, రావట్లేదు. టైరు గట్టిగా నొక్కిపట్టింది. ఈ కాగితమే మన సెన్సర్.

తర్వాత ఫోర్కుల మీద, అంటే బూమ్ కొసన బరువు మోసే రెండు పట్టీల మీద, బరువు ఎక్కడ పెట్టాలి అన్నది. లోడ్ చార్ట్‌లో లోడ్ సెంటర్ అని ఒక అంకె ఉంటుంది, మామూలుగా 500 లేదా 600 మిల్లీమీటర్లు. ఫోర్కు మడమ నుంచి, అంటే నిలువు భాగం ముందు అంచు నుంచి, బరువు నడిమధ్య వరకు ఉండే దూరం అది. 500ని 32తో భాగిస్తే 15.6. కాబట్టి మడమ నుంచి 16 మిల్లీమీటర్ల దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టి, వాషర్లని టేపుతో అక్కడే పేర్చుతాను.

ఎన్ని వాషర్లు? ఇక్కడ కొంచెం లెక్క ఉంది. పొడవు 32 రెట్లు తగ్గితే బరువు 32ని మూడుసార్లు గుణించినంత తగ్గాలి, అంటే 32,768 రెట్లు. 8 టన్నుల బండి ఈ స్కేల్‌లో 244 గ్రాములు ఉండాలి. 4.1 టన్నుల సరుకు 125 గ్రాములు అవుతుంది. మీ మోడల్‌ని వంటింటి త్రాసు మీద పెట్టి చూడండి. లోహంతో చేసిన మోడల్ 244 కంటే బరువుంటే అది అసలు బండి కంటే మొండిగా నిలబడుతుంది, ప్లాస్టిక్‌ది తేలికగా ఉంటే ముందే తూలుతుంది. అంకెలు అసలు బండితో కలవవు, ఫరవాలేదు. గీతల వంపు మాత్రం అదే వస్తుంది.

మోడల్ వెనక గళ్ల అట్టని నిలబెట్టాను. బూమ్ పూర్తిగా లోపలికి, అడ్డంగా. ఒక్కో వాషర్ పెడుతూ, ప్రతిసారీ కాగితాన్ని సున్నితంగా లాగుతున్నాను. రాలేదు. రాలేదు. ఇంకొకటి. ఇదిగో, ఇప్పుడు జారుతోంది. టైరు ఇంకా బల్లని తాకుతూనే ఉంది, పైనుంచి చూస్తే ఏ తేడా కనపడదు. కానీ పట్టు వదిలేసింది. ఈ క్షణాన్ని బాగా చూడండి, అవసరమైతే వీడియో వెనక్కి తిప్పి మళ్లీ చూడండి. ఫోర్కు ఉన్న చోట అట్ట మీద చుక్క పెట్టి, పక్కన వాషర్ల సంఖ్య రాస్తున్నాను.

వాషర్లు తీసేసి బూమ్‌ని సగం చాచి మళ్లీ అదే పని. తర్వాత పూర్తిగా చాచి. చూశారా, అంకె సగానికి పైగా పడిపోయింది. ఇక బూమ్‌ని 30 డిగ్రీలకీ, 60 డిగ్రీలకీ లేపి మూడు పొడవుల్లోనూ చేయండి. బూమ్ కీలు వదులుగా ఉండి బరువుకి వాలిపోతుంటే సందులో చిన్న కాగితం మడత దోపండి. మొత్తం తొమ్మిది చుక్కలు వస్తాయి. ఇప్పుడు దగ్గర దగ్గర అంకెలున్న చుక్కల్ని పెన్సిల్‌తో కలపండి. బండి నుంచి ముందుకి పోయే కొద్దీ అంకెలు తగ్గుతున్నాయి, గీతలు పైకి లేస్తున్నాయి. క్యాబ్‌లో ఉండే లోడ్ చార్ట్ సరిగ్గా ఇదే బొమ్మ. అక్కడ చుక్కల బదులు బూమ్ మీద రాసి ఉన్న గుర్తులూ, పక్కనున్న కోణం ముల్లూ చూసి, మీరు ఏ గడిలో ఉన్నారో తెలుసుకుంటారు.

ఇప్పుడు అసలు విషయం. గుడ్డని ఫోర్కుల కింద పరుస్తున్నాను. ఇది మర్చిపోకండి, లేకపోతే అద్దాలు విరుగుతాయి. బూమ్‌ని 60 డిగ్రీల్లో పూర్తిగా చాచి, ఆ స్థితిలో హాయిగా మోయగల బరువు పెట్టాను. కాగితం లాగితే రావట్లేదు, అంతా బాగుంది. ఇక బూమ్‌ని లోపలికి లాగకుండా, మెల్లగా కిందికి దించుతున్నాను. 50. 45. కాగితం వదులైంది. ఇంకొంచెం... వెనక చక్రాలు లేచిపోయాయి.

నేను బరువు పెంచలేదు, బూమ్ చాచలేదు. దించానంతే. దించడం అంటే జాగ్రత్తపడడం అని మనసుకి అనిపిస్తుంది, ప్రమాదం అక్కడే ఉంది. లెక్క చూద్దాం. కీలు ముందు ఇరుసుకి 3 మీటర్లు వెనక ఉందనుకోండి, బూమ్ పొడవు 12 మీటర్లు. 60 డిగ్రీల్లో బూమ్ కొస కీలు నుంచి అడ్డంగా 6 మీటర్ల దూరంలో ఉంటుంది. అందులో 3 తీసేస్తే ముందు ఇరుసుకి 3 మీటర్ల ముందు. 30 డిగ్రీలకి దించితే అడ్డ దూరం 10.4, అంటే ఇరుసుకి 7.4 మీటర్ల ముందు. అదే టన్ను బరువు, ముందుకి లాగే బలం మాత్రం రెండింతలకు పైనే. గునపం పొడవు పెరిగితే బండ తేలిగ్గా లేస్తుంది కదా, ఇక్కడ లేచే బండ మీరు కూర్చున్న బండే. బూమ్ సొంత బరువు ఇందులో కలపలేదు, అది కూడా ముందుకే లాగుతుంది.

అందుకే వరుస ఎప్పుడూ ఇదే: ముందు లోపలికి, తర్వాత కిందికి. క్యాబ్‌లో పచ్చ, పసుపు, ఎరుపు దీపాల వరుస ఉంటుంది. చాలా బండ్లలో దానికి సమాచారం ఇచ్చేది వెనక ఇరుసు దగ్గర ఉన్న సెన్సర్, మన కాగితం ముక్క చేసిన పనే అది చేస్తుంది. యూరప్‌లో ఈఎన్ 15000 అనే ప్రమాణం ఈ ఏర్పాటు కోసమే ఉంది. ఎరుపు వచ్చిందంటే బండి చాచడాన్నీ, దించడాన్నీ ఆపేసి, లోపలికి లాగడానికి మాత్రం వీలిస్తుంది. కొత్త ఆపరేటర్ అక్కడ కంగారుపడి దించే లీవర్‌నే పదేపదే నొక్కుతుంటే, ఎందుకు పనిచేయట్లేదో ఈ ప్రయోగం చూసినవాళ్లకి వెంటనే అర్థమవుతుంది.

ఆ దీపాలు ముందుకి తూలడం గురించే చెప్తాయి. పక్కకి పడడం గురించి చెప్పవు. ఒక ముందు చక్రం కింద ఒక్క వాషర్ పెట్టి బూమ్‌ని నిటారుగా లేపి, ఎదురుగా నిలబడి చూడండి. కొస ఎంత పక్కకి పోయిందో! అసలు బండిలో 16 మీటర్ల ఎత్తున ఒక్క డిగ్రీ వాలితే కొస 28 సెంటీమీటర్లు పక్కకి పోతుంది. 5 డిగ్రీలైతే 1.4 మీటర్లు. పైగా వెనక ఇరుసు మామూలుగా మధ్యలో ఒక పిన్ను మీద ఊగుతుంది, కాబట్టి బండి నిలబడేది నాలుగు కాళ్ల మీద అనుకోకూడదు, ముందు రెండు చక్రాలూ వెనక ఆ పిన్నూ కలిసిన త్రికోణం మీద. అందుకే ఎత్తుకి లేపే బండ్లలో ముందు భాగాన్ని హైడ్రాలిక్ జాక్‌తో సమం చేసుకునే ఏర్పాటు ఉంటుంది. సమం చేయడం బరువు లేపకముందే జరగాలి. లేపాక చేస్తే ఆ బరువునే గాల్లో ఊపినట్టు.

ఇక మోడల్ సంగతి. వ్యవసాయ బండ్లు ఎక్కువగా 1:32లో, నిర్మాణ యంత్రాలు 1:50లో దొరుకుతాయి. రైలు మోడల్స్ పక్కన పెట్టుకునేవాళ్లకి 1:87 ఉంది. పిల్లలు చేత్తో పట్టుకుని ఆడాలంటే బ్రూడర్ 1:16లో చేసిన మానిటూ ఎంఎల్‌టీ 633 బాగుంటుంది. బూమ్ లోపల ఏం జరుగుతుందో విప్పి చూడాలనుకుంటే 2017లో వచ్చిన లెగో టెక్నిక్ 42061 తీసుకోండి, 260 ముక్కలు, గేర్లు కళ్లెదురుగా తిరుగుతాయి. కొనే ముందు నేను చూసేవి రెండే: బూమ్ ఏ ఎత్తులో వదిలినా ఆగుతుందా, వెనక ఇరుసు ఊగుతుందా.

మార్పులు చేయాలంటే ఫోర్కుల నుంచి మొదలుపెట్టండి. బొమ్మల్లో ఇవి దుంగల్లా లావుగా వస్తాయి. అసలు ఫోర్కు 50 మిల్లీమీటర్ల మందం, 1200 పొడవు ఉంటే, 1:32లో ఒకటిన్నర మిల్లీమీటర్ మందం, 37.5 పొడవు. సన్నటి ఇత్తడి పట్టీ వంచి చేసుకుంటే బండి రూపమే మారిపోతుంది. పైన రంగు పూర్తిగా వేయకండి. మడమ దగ్గరా, కొసల్లో కింది భాగంలోనూ లోహం మెరవాలి, ఎందుకంటే నేలకి రాసుకునేది అక్కడే. అసలు బండిలో మడమ మందం పదో వంతు అరిగితే ఆ ఫోర్కుని పక్కన పడేస్తారు.

బూమ్ దగ్గర చాలామంది చేసే తప్పు ఒకటుంది. బయటి భాగం, లోపలి భాగం అన్నిటికీ ఒకేలా దుమ్ము పూస్తారు. లోపలి భాగం ప్యాడ్ల మీద జారుతూ ఉంటుంది. ఆ ప్యాడ్లు తాకే చోట రెండు పొడవాటి చారలు నున్నగా, గ్రీజు తడితో మెరుస్తూ ఉంటాయి. చారల అంచుల్లో గ్రీజుకి దుమ్ము పట్టి నల్లగా పేరుకుంటుంది. ముందు మ్యాట్ వార్నిష్ వేసి, ఆరాక ఆ చారల మీద మాత్రమే సన్నటి కుంచెతో మెరిసే (గ్లాసీ) వార్నిష్ గీయండి, అంచుల్లో ముదురు గోధుమ రంగు చుక్కలుగా అద్దండి. అంత చిన్న పనికే బూమ్ నిజంగా జారుతున్నట్టు కనిపిస్తుంది. బురద చక్రాల లోపలి వైపు ఎక్కువ, బయట తక్కువ. క్యాబ్ మెట్టు ఎడమ పక్కే కదా, అక్కడ బూట్లు రాసి రంగు పోయినట్టు స్పాంజితో తేలికగా అద్దండి. కుడి పక్కన అది అక్కర్లేదు.

ఆరబెట్టేటప్పుడూ, అరలో పెట్టేటప్పుడూ అసలు బండిని పని అయ్యాక ఆపినట్టే పెట్టండి: బూమ్ పూర్తిగా లోపలికి, ఫోర్కులు నేల మీద ఆనించి, చక్రాలు తిన్నగా. బూమ్ చాచి గాల్లో నిలబెడితే ఫొటోకి అందంగానే ఉంటుంది, కానీ నెలల తరబడి ఆ బరువు మోసి కీలు వదులైపోతుంది. గళ్ల అట్టని మాత్రం పారేయకండి, మోడల్ వెనక నిలబెట్టండి. తొమ్మిది చుక్కలతో అక్కడే చాలా బాగుంటుంది.