నడిమి పాఠం తెరిచి చూడండి

అక్క: నమస్కారం. కర్నూలు నుంచి మాట్లాడుతున్నాం. ప్రోగ్రామింగ్ కొత్తగా నేర్చుకునేవాళ్లు ఏ పాఠాలు పట్టుకోవల్ల, అదీ ఈ పొద్దు మాట.

తమ్ముడు: యూట్యూబ్‌లో వెతికితే వందలు కనపడతాయక్కా. ఎక్కువ మంది చూసిందాన్నే పట్టుకుంటారు పిల్లోళ్లు.

అక్క: అక్కడే దెబ్బ తినేది. అంతమంది చూసినారంటే అది చానా ఏండ్ల కింద పెట్టింది కూడా కావచ్చు. సీ ప్లస్ ప్లస్ తీసుకో. మొదటి వరుసలో ఐఓస్ట్రీమ్ డాట్ హెచ్ అని ఉంటే ఆ వీడియో మూసేయ్. 1998లో ఆ భాషకి మొదటి స్టాండర్డ్ వచ్చినప్పుడే ఆ డాట్ హెచ్ పోయింది. ఇప్పటి జీసీసీకి, అంటే మనం రాసిన కోడ్‌ని కంప్యూటర్ భాషలోకి మార్చే కంపైలర్‌కి, ఇస్తే అట్లాంటి ఫైలే లేదంటుంది. పాపం, నేర్చుకునే పిల్లోడు తప్పు తనదే అనుకుంటాడు.

తమ్ముడు: కొన్ని ల్యాబుల్లో ఇంకా టర్బో సీ అనే పాత కంపైలరే ఉండాది కదక్కా?

అక్క: ఉంటే ల్యాబ్ పరీక్ష దాంట్లోనే రాయి, తప్పదు. ఇంట్లో మాత్రం జీసీసీ పెట్టుకో. టర్బో సీలో ఇంట్‌కి, అంటే పూర్ణ సంఖ్య పెట్టుకునే రకానికి, 2 బైట్లే, 32,767 దాటితే పట్టదు. 200ని 200తో గుణించి ఇంట్‌లో పెట్టి ప్రింట్ చెయ్యి, 40,000 బదులు మైనస్ 25,536 వస్తుంది. జీసీసీలో మామూలుగా 4 బైట్లు, జవాబు సరిగ్గా వస్తుంది. పైగా టర్బో సీ 16 బిట్ల ప్రోగ్రాం. 64 బిట్ విండోస్ మీద నేరుగా నడవదు, పాత డాస్ ప్రోగ్రాములు నడిపించే డాస్‌బాక్స్ లాంటిది కావల్ల.

తమ్ముడు: మరి పైథాన్?

అక్క: ప్రింట్ పక్కన బ్రాకెట్లు ఉన్నాయేమో చూడు. లేకుంటే అది పైథాన్ 2. దానికి 2020 జనవరి 1తోనే సపోర్ట్ ఆగిపోయింది. ఇప్పటి పైథాన్ 3లో బ్రాకెట్లు లేకుంటే ఎర్రర్ వస్తుంది, అది మేలు, వెంటనే తెలుస్తుంది. భాగహారం అట్ల కాదు. 5ని 2తో భాగిస్తే పైథాన్ 2లో 2, పైథాన్ 3లో 2.5. ఎర్రరేమీ రాదు.

తమ్ముడు: పాతదో కొత్తదో తేలింది. మంచిదో కాదో యాడ తెలుస్తుంది?

అక్క: మార్కెట్‌లో ఎర్రగడ్డల మూట పైపైన చూసి కొంటామా? నడుమ చెయ్యి పెట్టి తీస్తాం. మొదటి పాఠం అందరూ బాగానే చెప్తారు. ఫంక్షన్ల పాఠమో, ఫైళ్ల పాఠమో తెరువు. రిటర్న్‌కీ ప్రింట్‌కీ తేడా చెప్పినారా? ఫైల్ దొరక్కపోతే ఏమవుతుందో చూపించినారా? పైథాన్ ఎర్రర్ వస్తే ముందు ఆఖరి వరుస చదవమని నేర్పినారా? అన్నిటికంటే ముఖ్యం, చివర మనం చేసుకోను లెక్కలు ఉండల్ల. లేకుంటే వదిలెయ్.

తమ్ముడు: ఊరికే దొరికేవి?

అక్క: ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్ ఉండాది, చిన్న చిన్న వీడియోలు. స్క్రీన్ సగంలో వీడియో, సగంలో కోడ్ రాసే ఎడిటర్ పెట్టుకుని వాళ్లతో పాటే టైప్ చెయ్యల్ల. ఇంగ్లీష్ అర్థమయితే ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలుండే ఎన్పీటెల్‌లో మాధవన్ ముకుంద్ గారి పైథాన్ కోర్సు చూడు, మనమే ప్రోగ్రాములు రాయాల్సిన అసైన్‌మెంట్లుంటాయి.

తమ్ముడు: పల్లెల్లో సిగ్నల్ దొరకదు కదక్కా?

అక్క: పైథాన్ సైట్‌లో డాక్యుమెంటేషన్, అంటే ఆ భాష వివరాల పుస్తకం, మొత్తం జిప్ ఫైల్‌గా దొరుకుతుంది. సిగ్నల్ ఉన్నచోట ఒకసారి దించుకో. మీ దగ్గరున్న వెర్షన్‌దే దించుకోవల్ల. దాంట్లో ట్యుటోరియల్ 8వ అధ్యాయమంతా ఎర్రర్ల గురించే. ఇంకొకటి, పైథాన్ తెరిచి హెల్ప్ అని కొట్టి బ్రాకెట్లలో లెన్ అని రాస్తే ఆ ఫంక్షన్ వివరం నెట్ లేకున్నా అక్కడే వస్తుంది.