చేప, చేపా: కథ చెబుతూ చదువు నేర్పడం ఎలా?

[తెర మీద పెద్ద అక్షరాలతో రెండు మాటలు: చేప, చేపా]

ఒకటి తలకట్టు, ఒకటి దీర్ఘం. నాలుగేళ్ల పిల్లలకి ఇలా చెబితే ఎక్కదు. అదే ఏడు చేపల కథలో "చేపా చేపా, ఎందుకు ఎండలేదు?" అని అడగమనండి, దీర్ఘం వాళ్లే తీస్తారు. చేప, చీమ, అవ్వ: పేరు చెబితే పొట్టిగా, పిలిస్తే సాగదీసి. చెవికి తెలిసిన ఆ తేడాకి గుర్తు చూపించడమే మన పని.

[అమ్మమ్మ, మనవరాలు. చేతిలో పుస్తకం లేదు]

మొదటి వారం పలక కూడా వద్దు. రోజూ పది నిమిషాలు, అదే కథ. విసుగు మనకే, వాళ్లకి కాదు. మీ ఇంట్లో "ఎండలే" అంటారా? అలాగే చెప్పండి. మూడో రోజు నుంచి "గడ్డిమోపా గడ్డిమోపా, ఎందుకు అడ్డమొచ్చావ్?" అని ఆగండి. మనసులో ఐదు లెక్కపెట్టండి. చాలామంది రెండు దాకా కూడా ఆగరు, జవాబు తామే చెప్పేస్తారు. ఫోన్‌లో కథ పెట్టి వదిలేస్తే జరిగేదీ ఇదే: అది ఎవరి కోసమూ ఆగదు.

1986లో గఫ్, టన్మర్ అనే పరిశోధకులు చదవడాన్ని గుణకారంగా చూపించారు. అక్షరాలను మాటగా పలకడం ఒకటి, విన్న మాట అర్థం కావడం ఇంకొకటి. ఏది సున్నా అయినా లబ్ధం సున్నాయే. మొదటి వారం కథ ఆ రెండోదాని కోసమే.

[చప్పట్లు]

రెండో వారం అక్షరానికో చప్పట్టు. చే, ప: రెండు. గ, డ్డి, మో, పు: నాలుగు. పిల్లలు "గడ్, డి" అన్నా లెక్క రెండే, దిద్దకండి. పెద్దవాళ్లే గ, డ, డి అని మూడుగా విరిచేస్తుంటారు. అలా అలవాటైతే పిల్లలు రాతలో ఒత్తు దగ్గర తడబడతారు.

[ఎ4 కాగితాలు మడిచి కుట్టిన పుస్తకం]

మూడో వారం పుస్తకం మీరే చేయండి. పేజీకి ఒక్క వాక్యం, అక్షరం బొటనవేలి గోరంత. మాటల మధ్య వేలు పట్టేంత ఖాళీ వదలండి. బొమ్మ పైన, వాక్యం కింద. చదువుతుంటే మాట కింద వేలు జరగాలి. మధ్యలో "ఇదేం అక్షరం?" అని ఆపారో, కథ చచ్చిపోతుంది. ఆ ప్రశ్నలు కథ అయ్యాకే.

[దగ్గరగా: పాప వేలు]

"చేపా చేపా, ఎందుకు ఎండలేదు?" నాలుగు మాటలు. నోరు నాలుగోదానికి చేరేసరికి వేలూ అక్కడే ఉందా? మొదట్లో ఉండదు. "చేపా చేపా"ని ఒకే మాట అనుకుని వేలు వెనకబడుతుంది. మీ చేత్తో వాళ్ల వేలు పట్టుకుని జరపండి, చాలు.

కంఠతా చెబుతున్నారా, చదువుతున్నారా అన్న అనుమానం అందరికీ వస్తుంది. రెండు చీటీల మీద "చీమా" అని రాసి, రెండు "చేపా"ల మీదా అంటించండి. రెండూ చ తోనే మొదలు, ఒకచోట ఏత్వం, ఇంకోచోట గుడి దీర్ఘం. "చేపా" అనేస్తే ఇంకో వారం వేలితోనే చదివించండి. "చీమా చీమా, ఎందుకు ఎండలేదు?" అని చదివి పకపకా నవ్వితే, రెండో కథ మొదలుపెట్టండి.