కమల పలక కథ, ఒక కండరాల జబ్బు

శ్రోతలందరికీ నమస్కారం.

మా పక్కవీధిలో ఐదేళ్ల బాబు ఒకడుండేవాడు. కింద కూర్చుంటే ఊరికే లేవలేడు. ముందు బోర్లా తిరిగి, చేతులు నేలకి ఆనించి, ఆ తర్వాత మోకాళ్ల మీద, తొడల మీద చేతులు మార్చుకుంటూ తన ఒంటి మీదే తాను పాకినట్టు పైకి లేచేవాడు. పిక్కలు చూస్తే లావుగా ఉండేవి, అందుకని "వాడికేం, బద్ధకం" అనేసేవాళ్లం. బద్ధకం కాదండీ, అది డుషెన్ మస్క్యులర్ డిస్ట్రోఫీ. సుమారు 5,000 మంది మగపిల్లల్లో ఒకరికి వస్తుంది. కండరాలను కాపాడే డిస్ట్రోఫిన్ అనే ప్రోటీన్ తయారుకాక ముందు కాళ్లు, తర్వాత చేతులు, చివరికి ఊపిరి, గుండె దెబ్బతింటాయి.

ఈ జబ్బు మీద పాతికేళ్లుగా పనిచేస్తున్న అన్నెమీకె ఆర్ట్స్మా-రుస్ గురించి ఈరోజు చెప్పాలనుకున్నాను. నెదర్లాండ్స్‌లోని లైడెన్ యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌లో ప్రొఫెసర్ ఆవిడ.

ఆవిడ పని అర్థం కావాలంటే ఒక చిన్న వాక్యం చాలు. "కమల పలక కడిగి తుడిచి". అన్నీ మూడక్షరాల మాటలే. మన కణం కూడా జన్యువులోని అక్షరాలను మూడేసి చొప్పునే చదువుతుంది. ఇప్పుడు పలకలో 'ల' ఎగిరిపోయిందనుకోండి, మూడేసి చొప్పున చదివితే "కమల పకక డిగితు డిచి" అవుతుంది, అక్కణ్ణించి అంతా గందరగోళమే. కానీ మిగిలిన 'పక' కూడా తీసేస్తే? "కమల కడిగి తుడిచి". ఏం కడిగిందో తెలియదు గానీ వాక్యం నిలబడింది! డిస్ట్రోఫిన్ జన్యువులో 79 ముక్కలుంటాయి, వాటిని ఎక్సాన్లంటారు. కొన్ని పోయి చదువు తప్పినప్పుడు పక్కనున్న ఇంకో ఎక్సాన్‌ని కావాలనే దాటేయించే మందు చెయ్యాలన్నది లైడెన్ బృందం ఆలోచన. 2007లో బయటికొచ్చిన పరీక్షలో నలుగురు పిల్లలకి కాలి ముందువైపు కండరంలో ఆ మందు ఇంజెక్షన్ ఇచ్చి, నెల తర్వాత చిన్న ముక్క తీసి చూస్తే, 64 నుంచి 97 శాతం కండర తంతువుల్లో డిస్ట్రోఫిన్ కనబడింది. ఆ వార్తతో ఎన్ని ఇళ్లలో ఆశ పుట్టి ఉంటుందో ఊహించుకోండి.

2013లో పెద్ద దెబ్బ తగిలింది. అదే మందుని 186 మంది పిల్లల మీద 48 వారాలు పరీక్షిస్తే, ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడిచారన్న కొలతలో తేడా తేలలేదు. 2016 జనవరిలో అమెరికా కూడా అనుమతి నిరాకరించింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో అదే తరహా మందు ఇంకొకటి అక్కడ ఆమోదం పొందింది గానీ, దానివల్ల తయారయ్యే డిస్ట్రోఫిన్ మామూలు మోతాదులో ఒక శాతం లోపే.

నాకు ఇక్కడే ఆవిడ మీద గౌరవం పెరిగింది. పిల్లల అమ్మానాన్నలకి ట్రయల్ అంటే మందుని పరీక్షించడమే గానీ చికిత్స కాదని, ఏది పనిచేసింది, ఏది చెయ్యలేదన్నది మామూలు మాటల్లో ఎదురుగా కూర్చుని చెప్పడం తన పనిలో భాగమనుకున్నారు. మందు పనిచేసిందో లేదో దేంతో కొలవాలన్న చర్చలోకి వాళ్లని కూడా తేవాలని పట్టుబట్టినవాళ్లలో ఆవిడ ఒకరు. 2015లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ దగ్గర డాక్టర్లు, కంపెనీలవాళ్లు, కుటుంబాలు ఒకే చోట కూర్చుని మాట్లాడుకున్నారు. నడిచే పిల్లలనే పరీక్షకి తీసుకుంటే వీల్‌చైర్‌లో ఉన్న పిల్లాడి సంగతేంటి? వాడికి నడక కన్నా గ్లాసు నోటిదాకా ఎత్తగలగడం, ఫోన్ పట్టుకోగలగడం ముఖ్యం కదా! అందుకే ఇప్పుడు చేతుల బలం చూసే కొలత ఒకటి వాడుతున్నారు. అందులో 200 గ్రాముల బరువు నోటిదాకా ఎత్తడం, నాణేలు ఏరడం, కాగితం చింపడం లాంటివి ఉంటాయి. దాన్ని తయారుచేసేటప్పుడు జబ్బున్నవాళ్లనీ, వాళ్ల తల్లిదండ్రులనీ అడిగారు.

మన దగ్గర 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో కండరాల క్షీణత కూడా ఉంది, సర్టిఫికెట్ తీసుకోండి. జన్యు పరీక్ష రిపోర్టు మాత్రం భద్రంగా దాచండి. ఏ ఎక్సాన్ పోయిందో అందులో నంబరు ఉంటుంది, ఎక్కడ కొత్త ట్రయల్ మొదలైనా వాళ్లు మొదట అడిగేది ఆ నంబరే.